షేన్ మొదటి నుంచీ చెడ్డవాడా, రిక్ తిరిగి రావడమే అతన్ని చెడగొట్టిందా?

‘ది వాకింగ్ డెడ్’ సీరియల్‌లో షేన్ వాల్ష్ మొదటి నుంచీ దుర్మార్గుడేనా, లేక చనిపోయాడనుకున్న స్నేహితుడు, తోటి పోలీసు రిక్ ప్రాణాలతో తిరిగి రావడం వల్ల అలా మారాడా అని మీరు అడిగారు. నా సమాధానం రెండోదానికే దగ్గరగా ఉంటుంది, అయితే అందరూ చెప్పే కారణం, అంటే రిక్ భార్య లోరీ మీద మోజు, నాకు ప్రధానంగా కనిపించదు. ఇంకా చూడనివారు ఇక్కడితో ఆగిపోవడం మంచిది, ఎందుకంటే రెండో సీజన్ చివరిదాకా జరిగినదంతా, తొమ్మిదో సీజన్ దృశ్యం ఒకటీ చెప్పబోతున్నాను.

ముందు నా సంగతి కొంత చెప్పాలి. గుంటూరు అరండల్‌పేటలో నేనూ, డిగ్రీలో నాతో చదివిన ఒక స్నేహితుడూ కలిసి జిరాక్స్, డీటీపీ షాపు నడిపేవాళ్లం. 2013లో బండి మీద నుంచి పడి నా తొడ ఎముక విరిగింది. దాదాపు అయిదు నెలలు మంచం మీదే ఉన్నాను. ఆ అయిదు నెలలూ షాపును వాడొక్కడే నడిపాడు, నెల తిరిగేసరికి నా వాటా డబ్బు తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టాడు, కాలక్షేపానికి ఈ సీరియల్ మొదటి రెండు సీజన్లు పెన్‌డ్రైవులో వేసి ఇచ్చిందీ వాడే. కాలికి రాడ్డు వేయించుకుని పడుకున్నవాడు, ఆసుపత్రి మంచం మీద నుంచి లేచి వచ్చిన రిక్ పక్షాన నిలబడటంలో వింతేమీ లేదు. షేన్ చచ్చిపోయినప్పుడు నాకు హాయిగానే అనిపించింది. ఆ తరువాత రెండేళ్లకు మళ్లీ చూసినప్పుడు మాత్రం కథ అలా కనిపించలేదు, అందుకు కారణం కింద చెబుతాను.

షేన్ మీద మోపే మొదటి నేరం, స్పృహలేని రిక్‌ను ఆసుపత్రిలో వదిలేశాడన్నది. మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ ప్రారంభంలో ఆ రోజు ఏం జరిగిందో చూపిస్తారు. వరండాల్లో సైనికులు మనుషులను కాల్చేస్తుంటే, షేన్ రిక్‌ను ఎలాగైనా లేపి తీసుకుపోవాలని చూస్తాడు. అంతలో కరెంటు పోయి యంత్రాలు ఆగిపోతాయి. అతను రిక్ గుండె మీద చెవి ఆనించి వింటాడు, ఏమీ వినిపించదు. వెళ్లేముందు తలుపుకు అడ్డంగా స్ట్రెచర్ పెడతాడు. చనిపోయాడని నిజంగా నమ్మినవాడు ఆ తలుపు ఎందుకు మూశాడో నాకు ఎప్పుడూ తేలలేదు. శవాన్నైనా ఆ వాకర్లకు, అంటే చచ్చి లేచి మనుషులను తినే శవాలకు, వదలకూడదనుకున్నాడో, లేక మనసులో ఏ మూలనో అనుమానం మిగిలిందో చూసేవారు తేల్చుకోవలసిందే. ఏదేమైనా రిక్ నిద్ర లేచేదాకా బతికి ఉండటానికి ఆ అడ్డమే కారణమై ఉండవచ్చు. అంటే షేన్ చేసిన మొదటి ద్రోహంలోనే ఒక ఉపకారం కలిసి ఉంది, అతని కథంతా ఇలాంటి మెలికలతోనే నడుస్తుంది.

తరువాత అతను లోరీనీ, ఆమె కొడుకు కార్ల్‌నూ అట్లాంటా దగ్గర క్వారీ గుంట ఒడ్డున ఉన్న శిబిరానికి చేర్చి, అక్కడివారందరికీ పెద్ద దిక్కు అవుతాడు. సరిగ్గా అక్కడే రిక్ దిగుతాడు. ఈ మూడో ఎపిసోడ్‌ను మీరు మరొక్కసారి నిదానంగా చూడాలని నా మనవి. షేన్ ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగి కార్ల్‌తో కప్పలు పట్టిస్తుంటాడు. లోరీ వచ్చి, నా భర్త చనిపోయాడని నాకు చెప్పింది నువ్వే, ఇక నా కొడుకు జోలికి రావద్దని తెగేసి చెప్పి వెళ్లిపోతుంది. ఆమె తన జోలికి రావద్దనడం కన్నా కొడుకు జోలికి రావద్దనడమే అతన్ని విరిచేసిందని నా అభిప్రాయం. ఆ వెంటనే, భార్యను కొడుతున్న ఎడ్ అనే వ్యక్తిని అదే గుంట ఒడ్డున ముఖం వాచిపోయేలా కొడతాడు. చూసేవాళ్లకు న్యాయంగానే అనిపిస్తుంది కానీ ఆ దెబ్బలు ఎడ్ కోసం కావని షేన్ కళ్లు చెబుతూనే ఉంటాయి. ఆ పాత్ర పోషించిన జాన్ బెర్న్‌తాల్ అక్కడ ఒక్క మాటైనా ఎక్కువ మాట్లాడకుండా ఇదంతా చేశాడు. అటు రిక్ వచ్చి ఒక్క రాత్రి గడిచిందో లేదో, మేడ మీద సంకెళ్లతో మిగిలిపోయిన మెర్ల్ అనే శిబిరం మనిషి కోసం మళ్లీ అట్లాంటాకు బయలుదేరతాడు. వద్దని షేన్ చెప్పిన మాట ఎవరూ వినరు. నిన్నటిదాకా అతని మాటే శాసనంగా ఉన్న శిబిరం అది.

నేను కర్ర సాయంతో షాపుకు మొదటిసారి వెళ్లిన రోజు నాకు ఇక్కడే గుర్తొస్తుంది. గోడ మీద రేట్ల కాగితం మారింది, కొత్తది వాడి చేతిరాత. పేజీకి అర్ధరూపాయి పెంచి, కాలేజీ పిల్లలకు మాత్రం పాత రేటే ఉంచాడు, ఆలోచిస్తే అది నాకన్నా తెలివైన పని. వచ్చిన ప్రతివాడూ వాడి పేరే అడుగుతున్నాడు. నేను నా పాత కుర్చీలో కూర్చుని, “ఇక నేను చూసుకుంటాలేరా, నువ్వు కాస్త రెస్ట్ తీసుకో” అన్నాను. మంచితనం అనుకునే అన్నాను. వాడు గల్లాపెట్టె తాళంచెవి నా చేతికి ఇవ్వలేదు, “ఇదిగోరా” అని కౌంటరు అద్దం మీద పెట్టి, టీ తాగి వస్తానని బయటికి వెళ్లాడు. ఆ రోజు మళ్లీ రాలేదు. ఏడాది తిరగకుండానే మా ఎదుటి వరుసలో సొంత షాపు పెట్టాడు. పేజీ రేటు మాకన్నా పావలా తక్కువ.

దీన్ని చెప్పింది షేన్ చేసినవాటిని వెనకేసుకు రావడానికి కాదు. మొదటి సీజన్ చివర వ్యాధి పరిశోధన కేంద్రంలో తాగి లోరీ మీద పడటాన్ని ఏ బాధా కడగలేదు. అంతకు ముందు ఎపిసోడ్‌లో అడవిలో రిక్ మీదికి తుపాకీ గురిపెట్టి, ముసలాయన డేల్ చూసేశాడని తెలిశాక దాన్ని నవ్వులాటగా తేల్చేయబోతాడు. ఇక్కడిదాకా నేను అతన్ని దిగజారుతున్న మనిషిగా చూస్తాను. నేరస్థుడిగా మారే క్షణం రెండో సీజన్‌లో వస్తుంది. కార్ల్‌కు పొరపాటున తూటా తగిలినప్పుడు, ఆ తూటా పేల్చిన ఓటిస్‌తో కలిసి షేన్ స్కూల్ భవనం నుంచి ఆపరేషన్ సామాను తెస్తూ, వెంటపడిన వాకర్ల నుంచి తప్పించుకోవడానికి ఓటిస్ కాలి మీద కాల్చి అతన్ని వాటికి వదిలేస్తాడు. పెనుగులాటలో ఓటిస్ చేతికి చిక్కిన జుట్టు కుదురు ఊడి వస్తుంది. ఆ రాత్రి ఆవిరి పట్టిన అద్దం ముందు నిలబడి, ఆ ఖాళీ జాగా కనపడకుండా మెషిన్‌తో తల మొత్తం గొరిగేసుకుంటాడు. ఆ తరువాత ఒంటి మీద చచ్చినవాడి బట్టలే. అంత్యక్రియల్లో ఓటిస్ ఎంత ధైర్యంగా చనిపోయాడో చెప్పమని అతన్నే అడుగుతారు. చెబుతాడు కూడా. అతను తెచ్చిన సామానుతోనే కార్ల్ బతుకుతాడు, ఆ సంగతి తెలిశాక కూడా రిక్ దాన్ని కాదనలేడు. ఆ పసివాడి ప్రాణం కోసం రిక్ చేయలేని పనిని తాను చేశానన్న నమ్మకం షేన్‌లో అప్పటి నుంచి గట్టిపడిపోయింది. లోరీ మీద ఆశ కన్నా ఆ నమ్మకమే ప్రమాదకరమైనదని నా వాదన.

పదో ఎపిసోడ్‌లో ఇద్దరూ బాహాబాహీ కొట్టుకుంటారు, షేన్ విసిరిన రెంచి రిక్‌కు తగలక కిటికీ పగిలి లోపలి వాకర్లన్నీ బయటికి వస్తాయి. స్కూల్ బస్సులో చిక్కుకున్న షేన్‌ను వదిలి వెళ్లిపోగలిగీ రిక్ వెనక్కి వచ్చి కాపాడతాడు. ఇక్కడ సర్దుకుంటుందని అనిపిస్తుంది. కానీ పన్నెండో ఎపిసోడ్‌లో లోరీ షేన్ దగ్గరికి వచ్చి, మమ్మల్ని కాపాడినందుకు కృతజ్ఞతలనీ, జరిగినదానికి క్షమించమనీ అడుగుతుంది. అంతకాలం అతను ఎదురుచూసిన మాట అది. అయితే ఆ మాట భార్య నోట వచ్చింది గానీ స్నేహితుడి నోట రాలేదు, పైగా ఆలస్యంగా వచ్చింది. అది అతన్ని చల్లబరచలేదు సరికదా, ఇంకా అవకాశం ఉందన్న భ్రమ కలిగించింది. అదే రోజు బందీ రాండాల్‌ను చంపి, చెట్టుకు తన ముఖాన్ని కొట్టుకుని, వాడే కొట్టి పారిపోయాడని చెప్పి రిక్‌ను వెన్నెల్లో పొలం మధ్యకు తీసుకుపోతాడు. రిక్ తుపాకీ అందిస్తున్నట్టు చేయి చాచి, దగ్గరికి నడిచి, కత్తితో పొడుస్తాడు. వాకరై లేచిన షేన్‌ను కార్ల్ కాలుస్తాడు. 2003లో మొదలైన మూల కామిక్‌లో ఈ కథ ఆరో సంచికకే ముగుస్తుంది, అక్కడ కార్ల్ కాల్చేది బతికున్న షేన్‌నే. సీరియల్‌వారు దాన్ని 18వ ఎపిసోడ్ దాకా లాగడం మంచి నిర్ణయం, లేకుంటే ఇతను మనకు వట్టి ప్రతినాయకుడిగా మిగిలేవాడు.

తొమ్మిదో సీజన్ అయిదో ఎపిసోడ్‌లో, 2018లో, రక్తం ఓడుతూ గుర్రం మీద పోతున్న రిక్‌కు భ్రమలో షేన్ కనిపిస్తాడు. ఇద్దరూ ఆ పాత పోలీసు కారులోనే కూర్చుని, కథ మొదలైన రోజులాగే కబుర్లు చెప్పుకుంటారు. అది చూసిన రాత్రి ఫోనులో మావాడి నంబరు తీశాను, కాని చేయలేదు. మర్నాడు మా షాపులో టోనర్ అయిపోయింది. పనిచేసే కుర్రాణ్ణి ఎదుటి షాపుకు పంపాను. మావాడు ఒక డబ్బా ఇచ్చి, కొన్న ధరకే డబ్బు తీసుకున్నాడట. ఒక్క రూపాయి ఎక్కువా లేదు, తక్కువా లేదు.