పక్క తోటవాళ్ల వాటా కోసం మీరెందుకు అప్పు చేయాలి?

ప్రశ్న: పలాసలో ప్రైవేటు స్కూల్ టీచర్ని. మందస దగ్గర 2 ఎకరాల జీడితోట ఉంది. పశువులు పడుతున్నాయని రెండు వైపులా రాతి స్తంభాలు పాతి ముళ్లతీగ కంచె వేద్దామనుకున్నాం. ఒక్కో వైపు 80,000, పక్కవాళ్లతో చెరిసగం. ఒకాయన తన 40,000 సిద్ధం చేశారు. రెండో ఆయన మాకు మావయ్య వరస, ‘ముందు నువ్వు పెట్టు, జీడిపిక్కలు అమ్మాక ఇస్తాను’ అంటున్నారు. బ్యాంకులో 90,000 ఉంది, ఇంటి ఖర్చు నెలకు 22,000. మిగతా 30,000 మూడు రూపాయల వడ్డీకి తెచ్చి దసరా సెలవుల్లో పని కానిచ్చేయనా?

జవాబు: వద్దండి. ఇలాంటి లెక్కతో చాలామంది వస్తుంటారు, అందుకే జవాబు రాస్తున్నాను. రెండు వైపులా కలిపి మీ సొంత వాటా 80,000. అది కట్టినా 10,000 మిగులుతుంది, అప్పుతో పనే లేదు. అంటే ఆ 30,000 అప్పు మీ కంచె కోసం కాదు, పూర్తిగా మావయ్యగారి కోసం! మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం, నెలనెలా 900. పిక్కలు చేతికొచ్చేది ఎండాకాలంలో, అప్పటిదాకా ఆ 900 ఆయన ఇస్తారా? వరసైన మనిషిని వడ్డీ అడగలేరు, అసలు అడగడానికే మొహమాటపడతారు.

అయినా నా అసలు బాధ అప్పు కాదు, ఆ 90,000. అది మీ ఇంటికి నాలుగు నెలల తిండి. దాన్ని సరిగ్గా తుఫాన్ల నెలల్లో ఖాళీ చేస్తానంటున్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి ఏమయ్యాయో మీకు నేను చెప్పాలా, పడిపోయిన చెట్టు చోట మొక్క నాటితే కాపుకు రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది, అప్పటిదాకా ఇల్లు నడిచేది చేతిలో ఉన్న డబ్బుతోనే. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, ఆసుపత్రి బిల్లు ఎన్టీఆర్ వైద్యసేవ పథకంలో పోయినా విశాఖలో తోడున్నవాళ్ల ఖర్చు, సెలవు పెడితే కోసేసే జీతం మీ మీదే పడతాయి. నన్నడిగితే ఆరు నెలల ఖర్చు ఉండాలి, అది లేనప్పుడు కనీసం మూడు నెలలది, 66,000, విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి మరిచిపోండి. కంచె అని, పెళ్లి అని దాని జోలికి వెళ్లొద్దు.

ఇక మిగిలింది 24,000. డబ్బు సిద్ధంగా ఉన్నాయన వైపే మొదలుపెట్టి, ఇప్పుడు వచ్చినంతవరకు స్తంభాలు పాతించండి, ముళ్లతీగను పంట డబ్బుతో లాగించుకోవచ్చు. ఈలోగా ముళ్లకంప వేసుకోండి, పశువులకు అది చాలు. మావయ్యగారి వైపు ఆయన డబ్బు ఇచ్చిన రోజే. బంగారం లోన్ వడ్డీ తక్కువే కానీ ఇంకొకరి వాటా కోసం ఇంట్లోవాళ్ల నగ పెట్టకండి.

పని మొదలవకముందే సర్వేయర్‌తో హద్దు కొలిపించండి. కంచె పడ్డాక తేడా తేలితే స్తంభాలు పీకి మళ్లీ పాతే ఖర్చు ఇద్దరికీ. ఎవరి వాటా ఎంత, ఎప్పుడిస్తారు, తీగ తెగితే బాగు ఎవరు చేయించాలి, ఇవన్నీ కాగితం మీద రాసి ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించుకోండి, మావయ్యగారైనా సరే. ముందుగా ఒప్పుకోని మనిషిని తర్వాత సగం ఇమ్మని నిలదీయడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.