పాత బొలెరో పికప్‌కి పవర్ విండో డోర్లు బిగిస్తే సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: బండికి హ్యాండిల్ తిప్పే అద్దాలు ఉన్నాయి, విశాఖ గాజువాక ఆటోనగర్‌లో అదే మోడల్ పై వేరియంట్ డోర్లు మోటార్లతో సహా దొరుకుతున్నాయి, తెచ్చి బిగించేస్తే చాలా, ఇంకేమైనా మార్చాలా అని.

డోర్లు బిగుస్తాయి. అద్దాలు కదలవు. డోర్ మార్చడం ఇద్దరు మనుషులుంటే ఒక పూట పని. అసలు పనంతా డోర్‌కీ క్యాబిన్‌కీ మధ్య వెళ్ళే వైర్లలో ఉంది, దాని గురించి డోర్ అమ్మేవాడు చెప్పడు, బిగించేవాడు అడగడు.

ముందు కొనేటప్పటి సంగతి. తుక్కు కొట్లలో డోర్ ఊడదీయాలంటే మొదట కటింగ్ ప్లయర్‌తో వైర్లు హింజ్ దగ్గర టపీమని కోసేస్తారు. వాళ్ళకి రెండు నిమిషాలు కలిసొస్తాయి, మీకు రెండు రోజులు పోతాయి. డోర్ లోపలి వైరింగు, ముడతల రబ్బరు గొట్టం, క్యాబిన్ వైపు కనెక్టర్, దాని వెనక కనీసం మూరెడు వైరు ఉంటేనే బేరం మాట్లాడండి. డ్రైవర్ వైపు మెయిన్ స్విచ్చూ, ఎడమ డోర్ స్విచ్చూ రెండూ ఒకే బండివి అయ్యుండాలి. అక్కడే ఒక 12 వోల్టుల బ్యాటరీ అడిగి మోటార్ రెండు వైర్లకీ నేరుగా పెట్టి చూడండి. వైర్లు తారుమారు చేస్తే అద్దం దిశ మారాలి. మధ్యలో నత్తనడకన పోయి పైన మళ్ళీ వేగం అందుకుంటే చానల్ రబ్బరు (అద్దం జారే గాడిలోది) గట్టిపడిందన్నమాట, అది మార్చుకోవచ్చు. కటకటమని శబ్దం వస్తే గేరు పళ్ళు పోయాయి, ఆ డోర్ వద్దు.

ఇప్పుడు అందరినీ తిప్పలు పెట్టే విషయం. చాలామంది ఎడమ డోర్ మోటార్‌కి ప్లస్ ఒకటి, ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కి కలిసిన బండి రేకు) ఒకటి ఇస్తే చాలనుకుంటారు. అలా కాదు. ఎడమ డోర్ స్విచ్‌కి సాధారణంగా ఐదు వైర్లుంటాయి: ఒకటి కరెంటు, రెండు మోటార్‌కి పోయేవి, మిగతా రెండూ డ్రైవర్ డోర్‌లోని మెయిన్ స్విచ్ నుంచి వచ్చేవి. ఎవరూ ఏ స్విచ్చూ నొక్కనప్పుడు ఎడమ మోటార్ రెండు చివరలూ తన స్విచ్ గుండా, ఆ రెండు వైర్ల మీదుగా మెయిన్ స్విచ్‌లోకి వెళ్ళి అక్కడ ఎర్త్ అవుతాయి. ఎడమవైపు కూర్చున్నవాళ్ళు బటన్ నొక్కితే ఒక చివరకి ప్లస్ వస్తుంది, రెండో చివర మెయిన్ స్విచ్ ద్వారానే ఎర్త్‌కి చేరుతుంది. కాబట్టి డ్రైవర్ వైపు స్విచ్ కనెక్టర్ లూజైనా, దాని ఎర్త్ వైరు (నల్లది) తెగినా ఎడమ అద్దం చచ్చుబడుతుంది. అప్పుడు ఎడమ డోర్ ప్యాడ్ (లోపలి కవరు) విప్పి, మోటార్ పోయిందని కొత్తది వేసి, అదీ తిరక్కపోతే రెండోది వేసే ఎలక్ట్రీషియన్లకు ఈ ఊళ్ళో కొదవ లేదు. మీరు మాత్రం ఎడమ అద్దం ఆగితే ముందు కుడి డోర్ విప్పించండి.

ఆ నల్ల వైరుని డోర్ రేకుకి బిగించకండి. హింజ్‌ల గుండా ఎర్త్ వస్తుందని నమ్మడానికి లేదు, వాటిలో గ్రీజూ తుప్పూ తప్ప ఏమీ ఉండవు. దాన్ని క్యాబిన్‌లోకి తెచ్చి, డ్యాష్‌బోర్డు కింద రేకు మీద పెయింటు గీకి, బోల్టుతో బిగించి, పైన మళ్ళీ పెయింటు పూయండి.

కరెంటు ఎక్కడినుంచి తీయాలి? సిగరెట్ లైటర్ వైరు నుంచో స్టీరియో వైరు నుంచో తీసి టేపు చుట్టి పంపే వాళ్ళ దగ్గరికి పోకండి. ఒక మోటార్ తిరిగేటప్పుడు 5 నుంచి 8 ఆంపులు లాగుతుంది, అద్దం పైన తగిలి ఆగిన క్షణంలో 20 దాకా పోవచ్చు. రెండు అద్దాలూ ఒకేసారి ఎత్తితే లెక్క మీరే వేసుకోండి. సన్న వైరు కాలకపోయినా అద్దం మాత్రం మూలుగుతూ ఎక్కుతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోనే 30 ఆంపుల ఫ్యూజు, అక్కడినుంచి ఒక 12 వోల్టుల, 40 ఆంపుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్). రిలే కాళ్ళ మీద నంబర్లుంటాయి: 30 కాలికి బ్యాటరీ, 87 నుంచి డోర్లకు, 86కి తాళం ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే వైరు (వైపర్ ఫ్యూజు నుంచి తీసుకోవచ్చు), 85కి ఎర్త్. డోర్లలోకి 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. సన్న పోగులు ఎక్కువున్న ఆటో వైరే వాడండి. ఇంటి వైరింగులో వాడే లావు పోగుల వైరు హింజ్ దగ్గర వంగి వంగి లోపల తెగిపోతుంది, పైన తొడుగు బాగానే కనిపిస్తుంది.

పని అయ్యాక మీటర్ పెట్టి 12 వోల్టులు వస్తున్నాయని సంబరపడకండి. ఒక్క పోగు మిగిలిన వైరు కూడా మీటర్‌కి 12 చూపిస్తుంది. పాత 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఒకటి మోటార్‌కి బదులు దాని కనెక్టర్‌కి కలిపి స్విచ్ నొక్కండి, అది నాలుగున్నర ఆంపులు లాగుతుంది, ఇంచుమించు మోటారంత. తెల్లగా వెలిగితే వైరింగు బాగుంది. ఎర్రగా మసకగా ఉంటే ఎక్కడో జాయింటు బలహీనంగా ఉంది.

వైర్లు పిల్లర్ (డోర్ హింజ్‌లు ఉండే బాడీ స్తంభం) దాటడానికి రంధ్రం కావాలి. డ్రైవర్ కాళ్ళ పక్కనున్న ప్లాస్టిక్ కవర్ తీసి చూడండి, రెండు వేరియంట్లకీ ఒకే బాడీ అయితే కంపెనీ రంధ్రం కొట్టి బిరడా వేసి వదిలి ఉండొచ్చు. లేకపోతే 22 నుంచి 25 మిల్లీమీటర్ల హోల్ సా (గుండ్రటి రంధ్రం కోసే డ్రిల్ రంపం) వాడాలి, ముందు వెనకాల ఉన్న పాత వైరింగు పక్కకు జరిపి. పిల్లర్ రంధ్రమూ డోర్ రంధ్రమూ ఎదురెదురుగా కాకుండా కాస్త ఎత్తు తేడాతో ఉండాలి. అప్పుడు డోర్ తెరిచినప్పుడు వైరు మడత పడదు, మెలి తిరుగుతుంది, ఎక్కువ కాలం ఉంటుంది. కోసిన అంచు ఆకురాయితో నున్నగా చేసి, ప్రైమర్, పెయింటు, ఆపైన రబ్బరు గ్రోమెట్ (వైరు కోసుకోకుండా రంధ్రం అంచుకి తొడిగే రింగు). ఈ పెయింటు సంగతి హైదరాబాద్ వాడికైతే అంత గట్టిగా చెప్పనవసరం లేదు. బీచ్ రోడ్డులోనో హార్బర్ వైపో తిరిగే బండికి మాత్రం పచ్చి అంచు వదిలితే ఉప్పుగాలికి ఒక వానాకాలం చాలు, ఆ రంధ్రం చుట్టూ రేకు పొంగుతుంది. కనెక్టర్లకి కూడా డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారని, తేమ ఆపే గ్రీజు) పూయండి, లేదంటే పచ్చటి చిలుం పడుతుంది.

డోర్ ఎక్కించడం గురించి పెద్దగా చెప్పేది లేదు. పాతది విప్పేముందు హింజ్ చుట్టూ గీత గీసుకోండి, బాడీ వైపు హింజ్ కదపకండి. వెల్డింగ్‌తో అతికిన హింజ్‌లైతే బోల్టులుండవు, పిన్ను కొట్టి తీయాలి. జాక్ మీద చెక్క, చెక్క మీద గుడ్డ పెట్టి డోర్ నిలపండి. గ్యాపు సరిచేసేటప్పుడు లాక్ పడే స్ట్రైకర్ తీసేసి పని చేయండి, అది ఉంటే వాలిన డోర్‌ని ఎత్తి పట్టుకుని వాలలేదని మోసం చేస్తుంది. మీ పాత డోర్ల తాళం సిలిండర్లు కొత్తవాటిలోకి మార్చుకోండి, లేకపోతే జేబులో మూడు తాళాలు. అద్దాలకి ముదురు ఫిలిం ఉంటే పీకేయండి, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలన్నది రూలు. రంగు కూడా ఆర్‌సీలో ఉన్నదే వేయించండి.

ఇంకొకటి, ప్యాడ్ వెనక ఉండే ప్లాస్టిక్ షీటు. చినిగిపోయిందని పారేసి ప్యాడ్ బిగించేస్తారు. అద్దం మీద పడ్డ వాన నీళ్ళు డోర్ లోపలికే జారతాయి, అది మామూలే, కింద రంధ్రాల గుండా పోవాలి. షీటు లేకపోతే ఆ నీళ్ళు ప్యాడ్ మీదికీ స్విచ్ మీదికీ వస్తాయి. మందపాటి పాలిథీన్ కోసి బ్యుటైల్ టేపుతో (జిగట రబ్బరు టేపు) అంటించండి. కింద రంధ్రాల్లో ఇసుక చేరి ఉంటుంది, ఇనప తీగతో పొడిచి నీళ్ళు పోసి చూడండి. అద్దం చానల్‌కి ఇంజిన్ ఆయిల్ వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. సిలికాన్ స్ప్రే చాలు.

ఆ దొరికిన డోర్ల అడుగు భాగం తుప్పు పట్టి, మీవి గట్టిగా ఉంటే డోర్లు మార్చకండి. వాటి లోపలి రెగ్యులేటర్ (అద్దాన్ని ఎత్తి దించే చట్రం), మోటార్, స్విచ్‌లు, వైరింగు తీసి మీ డోర్లలోకి వేయించండి. మీ డోర్ లోపలి రేకుకి ఆ రెగ్యులేటర్ బోల్టు రంధ్రాలు సరిపోతున్నాయో లేదో ముందు ఒక అట్టముక్క మీద గుర్తులు పెట్టి చూసుకోవాలి. కత్తెర రకం రెగ్యులేటర్ అయితే మోటార్ విప్పేముందు పళ్ళ చక్రాన్ని ఒక బోల్టుతో ఫ్రేముకి కలిపి బిగించండి. లోపల స్ప్రింగు చుట్టుకుని ఉంటుంది, మోటార్ తీసిన క్షణాన ఆ చేతులు ఎగిరి తన్నుతాయి, మధ్యలో వేలుంటే ఎముక విరుగుతుంది.