పొటోసీకి నేరుగా వద్దు, సుక్రే మీదుగా వెళ్లండి

బొలీవియాలోని శాంతాక్రూజ్‌లో దిగి, అరవై దాటిన నాన్నగారితో మర్నాడే పొటోసీ చేరాలన్నది మీ ప్లాన్. ఆయనకు ఆయాసం వస్తుందేమోనని టెన్షన్ అన్నారు. అది నిజమైన భయమేనండీ. పొటోసీ దాదాపు 4,000 మీటర్ల ఎత్తు. నేను మొదటిరోజు హోటల్ మెట్లు సగం ఎక్కి అక్కడే కూలబడ్డాను.

ముందు సుక్రే వెళ్లి (సుమారు 2,800 మీటర్లు) రెండు మూడు రాత్రులు ఉండండి. అక్కణ్ణుంచి పొటోసీకి కారులో మూడు గంటలు. నాన్నగారి బీపీ, గుండె సంగతి, ఎత్తు పడక వచ్చే ఇబ్బందికి ఇచ్చే డయామాక్స్ మాత్ర వాడాలా వద్దా అనేది డాక్టర్‌నే అడగండి. తలనొప్పి తగ్గకుండా వాంతులు మొదలైతే వెంటనే కిందికి దిగిపోవాలి. కోకా టీ (కొకైన్ తీసే మొక్క ఆకులతో కాచేది) అక్కడ తాగొచ్చు గానీ, ఆ పొట్లాలు ఇంటికి మాత్రం తేవద్దు, ఇండియాలో నేరం.

పొటోసీలోని సెర్రో రీకో కొండ గనిలోకి ఆయన్ని తీసుకెళ్లకండి. అది ఇప్పటికీ పని నడుస్తున్న గని; దుమ్ము, వంగి నడవాల్సిన సొరంగాలు. బదులుగా స్పానిష్ కాలపు టంకశాల, కాసా దె లా మొనేదా, తీరిగ్గా చూడండి. వెండి రేకులు సాగదీసే పెద్ద పెద్ద చెక్క పళ్లచక్రాలు ఇంకా ఉన్నాయి. కింది అంతస్తులో కంచరగాడిదలు గిరగిరా తిరిగితే పైన ఆ చక్రాలు ఆడేవి, మన గానుగలాగే. లోపల చలి, స్వెట్టర్ తప్పనిసరి.

ఉయుని ఉప్పు మైదానం చివర్లో పెట్టుకోండి, పొటోసీ నుంచి నాలుగు గంటల దారి. నీళ్లలో ఆకాశం కనబడాలంటే జనవరి-మార్చి.