సాక్షికీ మాస్కు, ముద్దాయికీ మాస్కు: గుర్తుపట్టినట్టేనా?

ప్రశ్న: వకీలు గారూ, మాది పరకాల దగ్గర పల్లె. గొలుసు లాక్కెళ్లిన కేసులో మా తమ్ముడికి రెండేళ్ల శిక్ష పడింది. సాక్ష్యం 2021లో జరిగింది. గొలుసు పోయినామె మాస్కుతోనే బోనెక్కి, మాస్కులో ఉన్న మా తమ్ముణ్ని చూపించి "ఇతనే" అంది. ఇప్పుడు హన్మకొండలో సెషన్స్ కోర్టులో అప్పీలు ఉంది. మాస్కుల వల్ల విచారణే చెల్లదని వాదించొచ్చా?

జవాబు: ఆ ఒక్క మాట పట్టుకుని పోతే కష్టమే. 2021 ఏప్రిల్లో మన రాష్ట్రంలో మాస్కు లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా. కోర్టులో మాస్కు పెట్టించారని శిక్ష కొట్టేయరు. విచారణలో లోపం ఉన్నా, దానివల్ల న్యాయం దెబ్బతిన్నదని చూపించాలని పాత సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) 465వ సెక్షన్ చెప్తుంది.

సాక్షి మాస్కు సంగతి ముందు చూద్దాం. సాక్ష్యం ముద్దాయి ఎదుట నమోదు కావాలన్నది 273వ సెక్షన్. ఆమె అక్కడే ఉంది, మీ తమ్ముడూ ఉన్నాడు, కాబట్టి అది తప్పినట్టు కాదు. సాక్షి తీరు ఎలా ఉందో అవసరమనుకుంటే జడ్జి రాసుకోవచ్చని 280 అంటుంది. సగం మొహం కప్పి ఉంటే తీరు ఎలా చూస్తారు అని అడగొచ్చు గానీ, ఆ రోజే మీ వకీలు "మాస్కు దించమనండి" అని అడగకపోతే ఇప్పుడు దాని బలం తక్కువ. సాక్షిని ముఖాముఖి నిలదీసే హక్కు రాజ్యాంగంలోనే ఉన్న అమెరికాలో కూడా, కళ్లు కనబడుతున్నాయి, గొంతు వినబడుతోంది, చాలు అన్న జడ్జీలున్నారు.

నాకైతే ఆ రోజుల్లో మొహం కన్నా మాటతోనే టెన్షన్. ఒక కొట్లాట కేసులో సాక్షి మాస్కులోంచి "మా చిన్నబాపు" అన్నాడు. స్టెనో "పెద్దబాపు" అని కొట్టాడు. చదివి వినిపించేటప్పుడు దొరికింది కాబట్టి సరిపోయింది, లేకుంటే ముద్దాయే మారిపోయేవాడు. అట్లా చదివి వినిపించి దిద్దాలన్నది 278వ సెక్షన్. మీ తమ్ముడి కేసులో అది జరిగిందా అని వాంగ్మూలం చివర చూడండి.

మీ అసలు బలం ముద్దాయి మాస్కులో ఉంది. ఆమెకు మీ తమ్ముడు ముందే తెలిసినవాడైతే ఈ వాదన వదిలేయండి, ఎరిగినవాణ్ని కళ్లు చూసైనా గుర్తుపడతారు. కొత్త మనిషైతే, మేజిస్ట్రేటు ముందు గుర్తింపు పరేడ్, అంటే పదిమందిలో నిలబెట్టి పోల్చమనడం, జరిగిందా? అక్కడ మాస్కు లేని మొహం చూసి గుర్తుపట్టి ఉంటే బోనులో మాస్కు ఉన్నా పెద్ద తేడా రాదు. పరేడే లేకుండా, మొదటిసారి కోర్టులో, నొసలూ కళ్లూ మాత్రమే చూసి "ఇతనే" అంటే అది బలహీనమైన గుర్తింపు. మాస్కు దించమని ఎవరూ అడగలేదంటే ఇంకా బలహీనం.

ఇంకోటి, ఆ కాలంలో దొంగకూ మాస్కే కదా! ఎఫ్ఐఆర్‌లో ఆమె ఏం రాయించిందో చూడండి. అతను మాస్కులో ఉన్నాడని ఉంటే, ఏ గుర్తు చూసి పోల్చిందో క్రాస్‌లో, అంటే మీ వకీలు ఆమెను ప్రశ్నించేటప్పుడు, అడగాల్సింది. అడగలేదా? అప్పీలు కోర్టు 391వ సెక్షన్ కింద మళ్లీ సాక్ష్యం తీసుకోవచ్చు. వకీలు మర్చిపోయాడంటే మాత్రం సులభంగా ఒప్పుకోరు, గట్టి కారణం చూపాలి.

గొలుసు మీ తమ్ముడి దగ్గరే దొరికిందని తీర్పులో ఉంటే ఈ మాస్కు వాదనంతా పక్కకు పోతుంది. ముందు గొలుసు దొరికిందని సాక్షుల ఎదుట రాసిన పంచనామా మీద పోరాడాలి. ఆ విషయం మీరు రాయలేదు.

మీ తమ్ముడు జైల్లోనే ఉంటే, ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. వకీలు దగ్గరికి పోయేముందు ఎఫ్ఐఆర్, పీడబ్ల్యూ 1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి) వాంగ్మూలం, తీర్పు, మూడింటికీ సర్టిఫైడ్ కాపీలు తీయించండి.