రాత్రి శంషాబాద్‌కు ఒక్క ట్రిప్పు: రెండు రోజుల కారు బిల్లు ఎందుకొస్తుంది?

ఔట్‌స్టేషన్ కారు బిల్లులో రోజు అంటే సాధారణంగా 24 గంటలు కాదు, క్యాలెండర్ తేదీ. అర్ధరాత్రి 12 దాటితే రెండో రోజు పడుతుంది. ఆ తేదీన కారు, డ్రైవరు ఇంకో బేరానికి పోలేరన్న లెక్కతో ట్రావెల్స్‌వాళ్లు రోజుకు కనీస కిలోమీటర్లు (అంత తిరగకపోయినా కట్టాల్సినవి), బత్తా (డ్రైవరు రోజు భత్యం) పెడతారు.

రోజుకు కనీసం 250 కిలోమీటర్లని మాట్లాడుకున్నారనుకోండి. హన్మకొండలో రాత్రి 10కి బయల్దేరి, ఎయిర్‌పోర్టులో ఆఫీసరును దింపి, తెల్లవారుజామున 4కి తిరిగొస్తే కారు తిరిగింది 350 అటూఇటూ. బిల్లు మాత్రం 500కి, బత్తాలు రెండు. ఆఫీసు అకౌంట్స్‌వాళ్లు బిల్లును ఇక్కడే ఆపేస్తారు.

12 దాటాక ఎక్కితే ఒక్క రోజే అనుకోవడం పొరపాటు. కిలోమీటర్లు, టైము చాలాచోట్ల గ్యారేజీ నుంచి గ్యారేజీకి లెక్క. కారు 11:50కి గ్యారేజీలో కదిలినా పాత తేదీయే. డ్యూటీ స్లిప్పు (టైము, కిలోమీటర్లు రాసి డ్రైవరు ఇచ్చే కాగితం) మీద సంతకానికి ముందు ఆ టైము చూడండి. లేదంటే వన్‌వే డ్రాప్ రేటు, అంటే ఒకవైపు దింపడానికి మాత్రమే రేటు, ముందే అడగండి.