మీ గ్యాస్ తడిదా, పొడిదా?

ప్రశ్న: "అప్లైడ్ మ్యాథ్స్‌లో పీజీ చేశాను. పీహెచ్‌డీకి మెడిసిన్ గానీ బయోఎనర్జీ గానీ ఎంచుకోవాలనుంది. బయాలజీ, కెమిస్ట్రీ ఎంతవరకు నేర్చుకోవాలి? లెక్కలు, ప్రోగ్రామింగ్ వస్తే సరిపోదా?"

సరిపోదు. కానీ మీరు భయపడుతున్న కారణం వల్ల కాదు. పుస్తకంలో ఉండే బయాలజీ, కష్టపడితే ఆరు నెలల్లో మీ పనికి కావలసినంత వచ్చేస్తుంది, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. మీ చేతికి వచ్చే ప్రతి అంకె వెనక ఒక గది, ఒక పరికరం, ఆ పరికరం దగ్గర నిలబడి రీడింగ్ రాసుకున్న ఒక మనిషి ఉంటారు. వాటిని చూడకుండా ఎక్సెల్ షీట్ తెరిచి మోడల్ రాయడం మొదలుపెట్టారంటే మీకు ఎంత గణితం వచ్చినా మునుగుతారు. నేను మునిగాను కాబట్టి చెబుతున్నాను, కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

నేనూ మీలాగే వచ్చాను. అవకలన సమీకరణాలను కంప్యూటర్‌తో సాధించే పద్ధతుల మీద పనిచేసి, బయోగ్యాస్ మోడలింగ్ చేసే ఒక గ్రూపులో చేరాను. మొదటి నెలంతా సంతోషమే. ఎంజైములు ఎంత వేగంగా పనిచేస్తాయో చెప్పే మైకేలిస్-మెంటెన్ సమీకరణం 1913 నాటిది, బ్యాక్టీరియా ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే మోనో సమీకరణం 1940ల నాటిది, రెండూ పక్కపక్కన రాసి చూస్తే అక్షరాలు మారాయి తప్ప ఆకారం ఒకటే. ఇక ఈ రంగంలో అందరూ వాడే ఏడీఎం1 అనే మోడల్ ఉంది, 2002లో వచ్చింది, గాలి తగలని ట్యాంకులో సూక్ష్మజీవులు వ్యర్థాన్ని అంచెలంచెలుగా మీథేన్ దాకా ఎలా తీసుకెళతాయో అందులో ఉంటుంది. అందులో హైడ్రోజన్ సెకన్లలో మారిపోతుంది, మొక్కల పీచు పదార్థమైన సెల్యులోజ్ కరగడానికి రోజులు పడుతుంది, అంత తేడా ఉన్న వేగాలు ఒకే సమీకరణాల గుంపులో ఉంటే సమీకరణాలను అడుగడుగుగా సాధించే మామూలు రుంగె-కుట్టా పద్ధతి చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ ఎప్పటికీ ముగించదు. ఇలాంటివాటిని స్టిఫ్ సమీకరణాలంటారు, వాటికి పనికొచ్చే, పెద్ద అడుగులు వేయగల ఇంప్లిసిట్ సాల్వర్ పెట్టాను, రాత్రంతా నడిచే ప్రోగ్రామ్ నిమిషాల్లో అయిపోయింది. గుండె కణంలో కరెంటు ఎలా పారుతుందో లెక్కకట్టేవాళ్లకీ ఇదే బాధ, ఇదే మందు. అన్ని రంగాల్లోనూ లోపల ఉండేది ఒకే గణితం, మనకు అడ్డేముంది అనుకున్నాను.

ఆ నమ్మకంతోనే ల్యాబ్ వాళ్లని ఒక మాట అడిగాను. "నాకు రా డేటా ఇవ్వండి, మీరు ఏ సవరణా చేయకండి, ఏం చేయాలో నేను చూసుకుంటాను" అని. గణితం నుంచి వచ్చినవాళ్లందరం ఇదే అడుగుతాం, వేరేవాళ్లు ముట్టుకున్న అంకెల మీద మనకు నమ్మకం ఉండదు. వాళ్లు అడిగింది అడిగినట్టే పంపించారు. రోజు, బాటిల్ నంబరు, మిల్లీలీటర్లు. మూడే కాలమ్‌లు.

వ్యర్థాన్ని సూక్ష్మజీవులతో కలిపి బాటిళ్లలో కుళ్లబెట్టి, ఎంత మీథేన్ వస్తుందో కొలిచే పరీక్ష అది. మొదట తీసుకున్నది సెల్యులోజ్ బాటిళ్లు. ఏ కొత్త వ్యర్థాన్ని పరీక్షించినా పక్కన స్వచ్ఛమైన సెల్యులోజ్ వేసిన బాటిళ్లు కూడా పెడతారు, దాన్నుంచి ఎంత మీథేన్ రావాలో ముందే తెలుసు కాబట్టి పరీక్ష సరిగ్గా నడిచిందో లేదో అవే చెబుతాయి. నేను రాసిన మోడల్‌లో "కుళ్లగలిగే భాగం" అని ఒక పారామీటర్ ఉంది, సున్నాకీ ఒకటికీ మధ్య ఉండాలి. ప్రోగ్రామ్ దాన్ని తీసుకెళ్లి ఒకటి దగ్గర గోడకి ఆనించేసింది, అయినా గ్రాఫ్ కింద మోడల్ గీత, పైన కొలతల చుక్కలు, ఎప్పుడూ అదే తేడా. వేగం చెప్పే పారామీటర్ మార్చాను, ఆప్టిమైజేషన్ పద్ధతి మార్చాను, మొదలుపెట్టే విలువలు వందల రకాలుగా ఇచ్చి చూశాను. దాదాపు రెండు నెలలు. చివరికి ఆ గోడ తీసేశాను. వెంటనే గీత చుక్కల మీద చక్కగా కూర్చుంది, పారామీటర్ 1.06 వచ్చింది.

1.06 అంటే అర్థం ఏమిటి? బాటిల్‌లో నూరు పాళ్లు వేస్తే నూట ఆరు పాళ్లు కుళ్లిందని. అది జరగదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. నేను మాత్రం దానికి ఒక కారణం తయారుచేసుకున్నాను, సూక్ష్మజీవుల పాత తిండి ఇంకా మిగిలి ఉండి అదనంగా గ్యాస్ ఇస్తోందని (దాన్ని విడిగా కొలిచి తీసేసిన సంగతి కూడా నాకు తెలుసు, అయినా సరే), ఆ కారణానికి ఇంకో సమీకరణం రాసి, దాన్ని స్లైడ్‌గా చేసి గ్రూప్ మీటింగ్‌లో చూపించాను.

ఆ మీటింగ్‌లకి మా సర్వర్ వాడుకునే వేరే విభాగాల వాళ్లు కూడా వచ్చేవాళ్లు. ఆ రోజు ఊపిరితిత్తుల వైద్యురాలు ఒకరు వచ్చారు, రోగులు వ్యాయామం చేస్తున్నప్పుడు ఎంత ఆక్సిజన్ వాడుకుంటున్నారో కొలిచే పని ఆవిడది. బయోగ్యాస్ గురించి ఏమీ తెలియదని ముందే చెప్పి, ఒక్క ప్రశ్న అడిగారు.

"మీ గ్యాస్ తడిదా, పొడిదా?"

నాకు ప్రశ్నే అర్థం కాలేదు. గ్యాస్ తడిగా ఉండడమేమిటి? ఆవిడ లేచి బోర్డు మీద 760 (మిల్లీమీటర్ల పాదరసంలో వాతావరణ పీడనం) నుంచి 47 తీసేసి రాశారు. 37 డిగ్రీల దగ్గర నీటి ఆవిరితో నిండిపోయిన గాలిలో ఆ ఆవిరి పీడనం 47 మిల్లీమీటర్ల పాదరసం, ఊపిరితిత్తి లోపలి గాలి ఎప్పుడూ అలాగే ఉంటుంది, కాబట్టి ఆక్సిజన్ లెక్క వేసే ప్రతిచోటా ముందు ఆ 47 తీసేస్తారు. తర్వాత, ఊపిరితిత్తుల పరిమాణం చెప్పేటప్పుడు శరీర ఉష్ణోగ్రత దగ్గర తడిగాలిగా చెబుతారు, శరీరం వాడుకున్న ఆక్సిజన్ చెప్పేటప్పుడు మాత్రం సున్నా డిగ్రీల దగ్గర పొడిగాలిగా మార్చి చెబుతారు. మొదటి రకం నుంచి రెండోదానికి రావాలంటే 0.826తో గుణించాలి. ఉష్ణోగ్రతకి (కెల్విన్లలో) 273ని 310తో భాగిస్తే 0.88, ఆవిరికి 713ని 760తో భాగిస్తే 0.938, రెండూ గుణిస్తే అదే. ఆవిడకి అది నోటికి వచ్చు, రోజూ వాడే అంకె.

అక్కడికక్కడే నా 1.06ని దాంతో గుణించి చూశాను. 0.88. సెల్యులోజ్ బాటిల్‌లో రావలసిన విలువ అలాంటిదే, కొంత భాగం సూక్ష్మజీవుల ఒంటికి పోతుంది కాబట్టి పూర్తి నూరు పాళ్లు ఎప్పుడూ రాదు.

మీటింగ్ నుంచి నేరుగా ల్యాబ్‌కి వెళ్లాను. చేరిన ఇన్ని నెలల్లో లోపలికి వెళ్లడం అదే మొదటిసారి. బాటిళ్లన్నీ 37 డిగ్రీలు ఉంచే వెచ్చటి గదిలో ఉన్నాయి, కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేసే సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం, దాని తర్వాత గ్యాస్ మీటర్, అన్నీ ఆ గదిలోనే. తలుపు తీయగానే కళ్లజోడు మీద మంచు పట్టేసింది. అక్కడి టెక్నీషియన్‌ని అడిగితే ఆయన ఆశ్చర్యపోయారు. "మీటర్ ఇక్కడే ఉంది కదండీ, గ్యాస్ వేడిగా తడిగానే వస్తుంది. మేం ఎప్పుడూ సున్నా డిగ్రీలకి, పొడి గ్యాస్‌కి మార్చే రిపోర్టులో వేస్తాం. మీరు ఏమీ ముట్టుకోవద్దన్నారని అలాగే పంపాను" అన్నారు. ఒక్క కోపపు మాట లేదు. రెండు నెలల క్రితం పది నిమిషాలు ఆ గదిలో నిలబడి ఉంటే, కళ్లజోడు మీది ఆ తడి చూసి ఉంటే చాలేది.

ఇందులో నాకు చాలా బాధ కలిగించిన విషయం ఇంకోటుంది. దీన్ని పట్టుకోవడానికి కావలసిన కెమిస్ట్రీ నాకు ఇంటర్‌లోనే వచ్చు. సెల్యులోజ్‌లో ఒక్కో యూనిట్ 162 గ్రాములు, దాన్నుంచి మహా అయితే మూడు మోల్‌ల మీథేన్, మోల్‌కి 22.4 లీటర్లు, అంటే గ్రాముకి దాదాపు 415 మిల్లీలీటర్లకి మించి రావడానికి వీల్లేదు. నా షీట్‌లో 440 దాటి ఉంది. రెండు నెలల్లో ఒక్కసారి కూడా ఆ భాగహారం చేయలేదు, ఎందుకంటే నాకు ఆ కాలమ్ మీథేన్ కాదు, ఒక వెక్టర్, ఉత్త అంకెల వరుస.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు, ఎంత బయాలజీ నేర్చుకోవాలన్నది తర్వాత, ముందు ఆ రంగంలో కొలత ఎలా జరుగుతుందో నేర్చుకోండి. మెడిసిన్‌కి వెళ్లినా ఇదే గొడవ. రక్తంలో గ్లూకోజ్ కొన్నిచోట్ల డెసీలీటర్‌కి మిల్లీగ్రాముల్లో రాస్తారు, కొన్నిచోట్ల లీటర్‌కి మిల్లీమోల్‌లలో, మధ్యలో 18 రెట్ల తేడా. రెండు ఆసుపత్రుల డేటా కలిపితే కాలమ్ పేరు మాత్రం రెండిట్లోనూ "గ్లూకోజ్" అనే ఉంటుంది. గ్లూకోజ్ అయితే పరవాలేదు, తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నాది ఇరవై శాతం తేడా, అలాంటివే ప్రమాదం, పారామీటర్ కాస్త జరిపితే సర్దుకుపోయినట్టు అనిపిస్తాయి.

మాటలూ అంతే. "నార్మల్" అనే ఒక్క మాట చూడండి. గణితంలో నార్మల్ అంటే ఒక తలానికి లంబం, స్టాటిస్టిక్స్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్, డాక్టర్‌కి జబ్బు లేకపోవడం, కెమిస్ట్రీ ల్యాబ్‌లో ద్రావణం గాఢత, గ్యాస్ కొలిచేవాళ్లకి సున్నా డిగ్రీలకి మార్చిన లీటరు. అందరూ ఒకే టేబుల్ చుట్టూ కూర్చుని ఆ మాట అంటూ ఉంటారు, అందరూ తలలూపుతారు. "మోడల్" కూడా అంతే, డాక్టర్లు మోడల్ అంటే చాలాసార్లు ఎలుక.

మీకు ఎవరైనా సీటీ స్కాన్ కథ చెబుతారు, 1917లో రాడన్ అనే గణితజ్ఞుడు రాసిన పేపర్ యాభై ఏళ్లు దాటాక వైద్యానికి పనికొచ్చింది, కాబట్టి మంచి గణితం చేస్తే చాలు, ఉపయోగం దానంతట అదే వస్తుందని. ఆ కథ నిజంగా ఎలా జరిగిందో చూడండి. సీటీ స్కాన్‌కి నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఒకడైన అలన్ కార్మాక్ 1956లో కేప్‌టౌన్‌లోని గ్రూట్ షూర్ ఆసుపత్రిలో వారానికి ఒకటిన్నర రోజు పనిచేసిన భౌతికశాస్త్రవేత్త. రేడియేషన్ చికిత్సకి డోసు లెక్కలు వేసేటప్పుడు, శరీరమంతా ఒకే పదార్థం అన్నట్టు తీసుకోవడం అక్కడ కళ్లారా చూశాడు. శరీరం లోపల ఏ భాగం రేడియేషన్‌ని ఎంత ఆపుతుందో బయటి నుంచి ఎలా తెలుసుకోవాలన్న ప్రశ్న అక్కడే పుట్టింది. గణితం తనే కూర్చుని చేసుకున్నాడు, 1963, 64లలో ప్రచురించాడు, రాడన్ పేపర్ ఉన్నట్టు ఆయనకి ఎన్నో ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. 1979లో నోబెల్ వచ్చింది. రాడన్ పేపర్ దానంతట అది నడిచి ఆసుపత్రికి రాలేదు. ఒక మనిషి వెళ్లి ఆసుపత్రిలో కూర్చున్నాడు, నా దృష్టిలో అసలు పని అదే.

అలాగే 1994లో డయాబెటిస్ కేర్ పత్రికలో వచ్చిన ఒక పేపర్‌ని చూపించి గణితం వాళ్లు ఇప్పటికీ నవ్వుతారు, గ్లూకోజ్ గ్రాఫ్ కింద వైశాల్యం లెక్కించడానికి, ముక్కలుగా కోసి కూడే పాత ట్రెపిజాయిడ్ల పద్ధతినే కొత్తగా కనిపెట్టినట్టు రాశారని. నాకు నవ్వు రాదు. ఆ పేపర్ అచ్చయ్యేలోపు అది పాత పద్ధతేనని చెప్పి ఆపే మనిషి ఒక్కడు లేకపోయాడు. నాకు పక్క గదిలో డాక్టర్ ఉన్నారు కాబట్టి నా తప్పు స్లైడ్ దగ్గరే ఆగిపోయింది.

ఇంకో తలనొప్పి కూడా ముందే చెబుతాను, ఎవరూ చెప్పరు. గణితంలో పేపర్ మీద పేర్లు అక్షర క్రమంలో వేస్తారు. మెడిసిన్‌లో మొదటి పేరు పని చేసినవాళ్లది, చివరి పేరు ల్యాబ్ పెద్దది, మధ్యలో ఉన్నవాళ్లని ఎవరూ పట్టించుకోరు. మీరు రెండిటి మధ్యా ఉంటే ఈ విషయం మొదటి రోజే మాట్లాడుకోండి, రాత మొదలయ్యాక మాట్లాడితే స్నేహాలు పోతాయి. మా పేపర్ విషయంలో టెక్నీషియన్ పేరు కృతజ్ఞతల్లో వేస్తే చాలన్నారు. నేను ఒప్పుకోలేదు. మూడు వారాలు వాదించాను, ఈమెయిల్‌లు చాలా ఘాటుగానే నడిచాయి, చివరికి ఆయన పేరు రచయితల్లో వచ్చింది. ఆయన మాత్రం ఆ విషయం పెద్దగా పట్టించుకోలేదు, నా షీట్‌లో కాలమ్‌లు ఎప్పుడు పెంచుతారని అడిగారు. ఇప్పుడు అందులో ఆరు ఉన్నాయి. రోజు, బాటిల్ నంబరు, చదివిన మిల్లీలీటర్లు, గది ఉష్ణోగ్రత, ఆ రోజు వాతావరణ పీడనం, తడా పొడా.