కంట్రోల్ రూమ్‌లో ‘ఊఁ’ పనికిరాదు

(అణు విద్యుత్ కేంద్రాల్లో 33 ఏళ్లు పనిచేసి శ్రీకాకుళంలో స్థిరపడిన ఇంజనీరు, పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మాది రణస్థలం దగ్గర పల్లె. వయసు 31. వేరే రాష్ట్రంలోని అణు విద్యుత్ కేంద్రంలో ఎనిమిదేళ్లుగా చేస్తున్నాను. విదేశంలో జరిగే నాయకత్వ శిక్షణకి నా పేరు పంపుతామని పైవాళ్లు అంటున్నారు. అయిదారు వారాలట. పని వచ్చు గాని, నలుగురిలో నిలబడి మాట్లాడాలంటే నోరు ఎండిపోతుంది. ఇంట్లో పాపకి పదకొండు నెలలు. వెళ్లమంటారా? అసలు నాయకత్వం ఒకరు నేర్పితే వస్తుందా?

జవాబు: వయసు రాశావు కాబట్టి నువ్వు అంటాను, ఏమీ అనుకోకు. పాప సంగతి మీ ఆవిడతో మాట్లాడి, ఆమె మనస్ఫూర్తిగా సరేనంటేనే కదులు. మా పెద్దోడు పుట్టిన రోజు నేను నైట్ షిఫ్ట్‌లో ఉన్నాను. ఇన్నేళ్లయినా ఆ మాట మా ఇంట్లో పాతబడలేదు.

ఇలాంటి శిక్షణల్లో పేరున్నది వరల్డ్ న్యూక్లియర్ యూనివర్సిటీ వాళ్ల సమ్మర్ ఇన్‌స్టిట్యూట్. పేరుకి యూనివర్సిటీయే గాని డిగ్రీలిచ్చే చోటు కాదు. 2003లో లండన్‌లో మొదలైంది. మొదటి వేసవి శిక్షణ 2005లో అమెరికాలోని ఐడహో ఫాల్స్‌లో ఆరు వారాలు జరిగింది. రకరకాల దేశాల వాళ్లని చిన్న చిన్న గుంపులుగా చేస్తారు. గుంపుకొక అనుభవజ్ఞుడు ఉంటాడు. పొద్దున ఉపన్యాసాలు విని, తర్వాత గుంపులో కూర్చుని వాదించుకోవాలి. ఆ వాదనలోనే ఉంది అసలు సరుకు. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నడిపే మేనేజ్‌మెంట్ స్కూలు ఇంకోటి. అది 2010లో ఇటలీలోని ట్రియెస్టెలో మొదలైంది. మన దేశంలోనే హర్యానాలోని బహదూర్‌గఢ్ దగ్గర జీసీనెప్ అనే అణుశక్తి శిక్షణ, పరిశోధన కేంద్రం ఉంది. నీకు ఏది రాసి ఉంటే అది.

నోరు ఎండిపోతుందన్నావు. స్టేజీ ఎక్కి మాట్లాడ్డం గురించయితే బెంగ పెట్టుకోకు, మైకు పట్టుకుని దంచేవాళ్లు మన జిల్లాలో కావలసినంత మంది ఉన్నారు. అణు కేంద్రంలో కావలసిన నోరు వేరు.

నేను 1986లో కోటా దగ్గర రావత్‌భాటా ట్రైనింగ్ సెంటర్‌లో చేరాను. ఆ ఏప్రిల్‌లోనే చెర్నోబిల్ పేలింది. ఆమదాలవలస స్టేషన్‌లో రైలెక్కుతుంటే మా అమ్మ ఒకటే ఏడుపు. మూడేళ్ల తర్వాత ఒక స్టేషన్‌లో (పేరు ఎందుకులే) నైట్ షిఫ్ట్. రిపేరుకని ఒక పంపుని లైన్లోంచి తప్పించాలి. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్దాయన, పనిలో పులి, “రెండో పంపు” అన్నాడు. నా చేతిలో పర్మిట్ కాగితం మీద మూడు అని ఉంది. కాగితం చూశాను, ఆయన మొహం చూశాను. పెద్దాయన కదా, నాకు తెలియనిది ఆయనకి తెలుసేమో అనుకున్నాను. “ఊఁ” అన్నాను. వెళ్లి రెండో దాని వాల్వులు మూసేశాను. స్టాండ్‌బై పంపు దానంతట అదే అందుకుంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. అలారం మోగింది, షిఫ్టంతా వృథా అయింది. మర్నాడు విచారణలో ఒకే ప్రశ్న: “నీకు అనుమానం వచ్చిందా?”

“వచ్చింది సార్.”

“మరి?”

ఆ “మరి”కి నా దగ్గర జవాబు లేకపోయింది. పెద్దాయనని తప్పు పట్టడమేంటి అనే పెంపకం నాది, బహుశా నీదీ. పెద్దలకి ఎదురు చెప్పకూడదని మనకి ఉగ్గుపాలతో పోస్తారు. ఈ శిక్షణల్లో ముందు వదిలించేది దాన్నే.

ఇందుకే కంట్రోల్ రూమ్‌లో మాటని తిరిగి అప్పజెప్పాలి. “మూడో పంపు, ఏడో వాల్వు, మూసేయండి” అంటే, “మూడో పంపు, ఏడో వాల్వు, మూసేస్తున్నాను” అనాలి. చెప్పినవాడు “సరే, అదే” అన్నాకే చెయ్యి కదలాలి. కొత్తలో నవ్వొస్తుంది, చంటిపిల్లలకి పద్యం వల్లె వేయించినట్టు ఉంటుంది. కానీ మన “ఊఁ” ఉంది చూశావూ? విన్నాను, అర్థమైంది, ఒప్పుకున్నాను, ఇంక నువ్వు పోవచ్చు అని నాలుగు అర్థాలు దానికి. ఏ అర్థంలో అన్నాడో అన్నవాడికే తెలీదు.

శిక్షణలో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రం కథ తప్పకుండా వస్తుంది. సునామీ వచ్చి ప్లాంటుని ముంచేసింది, రియాక్టర్లని చల్లార్చే దారి లేకపోయింది. మర్నాడు, 2011 మార్చి 12న, అక్కడి ప్లాంటు అధిపతి మసావో యోషిదా దాన్ని చల్లార్చడానికి రియాక్టర్లోకి సముద్రపు నీళ్లు పంపిస్తున్నాడు. టోక్యోలోని కంపెనీ హెడ్ ఆఫీసు ఆపమంది. ఆయన పైకి అలాగే అని, తన మనిషికి మాత్రం ఆపవద్దని మెల్లగా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టే చోటు ఇది. నేనూ కొట్టాను. తర్వాత రెండో సగం తెలిసింది. 2008లో అదే కంపెనీ లెక్కల్లో ఆ చోటికి 15.7 మీటర్ల ఎత్తున సునామీ రావచ్చని తేలింది. ఇంకా పరిశీలించాలంటూ, అలని ఆపే గోడ కట్టే సంగతి వాయిదా వేశారు. అప్పుడు హెడ్ ఆఫీసులో ఆ విభాగం చూస్తున్నది ఈ యోషిదాయే! ఆపద ముంచుకొచ్చిన రోజు అంత తెగువ చూపిన మనిషికి, ఏసీ గదిలో కాఫీ తాగుతూ మీటింగులో కూర్చున్న రోజు “ఇప్పుడే కట్టాలి” అనడానికి నోరు రాలేదు. నన్నడిగితే ఆ మీటింగే పెద్ద పరీక్ష.

ఆ తీరంలోనే ఒనగావా అని ఇంకో ప్లాంటు ఉంది. దాన్ని ఎత్తయిన చోట కట్టాలని యానొసుకె హిరాయ్ అనే ఇంజనీరు దశాబ్దాల ముందే పట్టుబట్టాడు. అంత ఖర్చెందుకని అన్నవాళ్లున్నారు. సముద్ర మట్టానికి దాదాపు 15 మీటర్ల ఎత్తున కట్టారు. 2011లో అక్కడికి వచ్చిన అల 13 మీటర్లు.

మనవాళ్ల కథా చెప్పు అక్కడ. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు కేంద్రంలో టర్బైన్ రెక్కలు విరిగి మంటలు లేచాయి. కేబుళ్లు కాలిపోయి 17 గంటలు కరెంటు లేదు. పొగ కమ్మి కంట్రోల్ రూమ్ వదలాల్సి వచ్చింది. ఆపరేటర్లు టార్చిలైట్లు పట్టుకుని రియాక్టర్ భవనంలో మెట్లెక్కి, చేత్తో వాల్వులు తిప్పి, అణు చర్యని అణిచిపెట్టే బోరాన్ కలిపిన నీళ్లు వదిలారు. మంటలార్పే డీజిల్ పంపులతో బాయిలర్లకి నీళ్లందించారు. రేడియేషన్ బయటికి రాలేదు. విదేశీ తరగతుల్లో ఈ కథ తెలిసినవాళ్లు తక్కువ. ఇది చెప్పేటప్పుడు నీ నోరు ఎండిపోదు, రాసిపెట్టుకో.

తిరిగొచ్చాక ఎలా ఉంటావో, నీ షిఫ్ట్‌లో కొత్తగా చేరిన కుర్రాడిని చూస్తే తెలుస్తుంది. వాడు నీ దగ్గరికొచ్చి “సార్, మీరు చెప్పింది తప్పేమో” అన్నప్పుడు నీ మొహం ఎలా పెడతావో వాడు జాగ్రత్తగా గమనిస్తాడు. ఒక్కసారి చిరాకు పడ్డావా, ఇంక ఏడాది వరకూ రాడు.

ప్రశ్న: మాది బొబ్బిలి. మా అమ్మాయి ఫిజిక్స్‌తో డిగ్రీ చేస్తోంది. అణు రంగంలోకి వెళ్తానంటుంది. ఆడపిల్లలకి అక్కడ అవకాశాలుంటాయా? సంబంధాలు చూసేవాళ్లు భయపెడుతున్నారు.

జవాబు: చెల్లెమ్మా, భయపెట్టేవాళ్లని ముందు ఒక్క మాట అడుగు, రియాక్టర్ ఎలా ఉంటుందో వాళ్లు చూశారా అని. లోపల పనిచేసే ప్రతి ఒక్కరి జేబుకీ రేడియేషన్ కొలిచే బ్యాడ్జీ ఉంటుంది, లెక్క రాస్తారు, పరిమితి దాటనివ్వరు. గర్భిణులకి నియమాలు మరీ కఠినం. మా షిఫ్ట్‌లో చేసిన అమ్మాయిలు పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, నాకు శుభలేఖలూ పంపారు. ఒకామె పెళ్లి భోజనంలో పెట్టిన పనసపొట్టు కూర రుచి ఇప్పటికీ గుర్తు.

పాపని ముందు పీజీ చెయ్యనివ్వు. అణు సంబంధ చదువుల్లో మాస్టర్స్ చేసే అమ్మాయిలకి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2020లో మేరీ క్యూరీ పేరిట ఫెలోషిప్ పెట్టింది. ఏడాదికి ఫీజు కింద పది వేల యూరోల వరకూ, ఖర్చుల కింద మరో పది వేల వరకూ ఇస్తారు, రెండేళ్ల వరకూ. ఉద్యోగంలో కుదురుకున్నాక, కెరీర్ మొదట్లోనో మధ్యలోనో ఉన్న మహిళలకి 2023లో లీజా మైట్నర్ పేరిట ఇంకో కార్యక్రమం మొదలైంది. కొన్ని వారాలు వేరే దేశపు అణు కేంద్రాల్లో తిరిగి నేర్చుకోవచ్చు. మైట్నర్ ఎవరో అమ్మాయినే అడుగు. చెప్పిందంటే, ఆసక్తి పైపైది కాదన్నమాట.

ప్రశ్న: శిక్షణ సర్టిఫికెట్ తెస్తే ప్రమోషన్ ఖాయమేనా? (రాజాం)

జవాబు: కాదు.

ప్రశ్న: మాది కొవ్వాడ పక్క పల్లె. వేట కుటుంబం. నేను ఐటీఐ ఫిట్టర్. ప్లాంటు వస్తుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. నాయకత్వం, శిక్షణ అంటే ఇంజనీర్లకేనా? మాలాంటోళ్లకి ఏటుంటాది?

జవాబు: ఒక్కోటి 1,208 మెగావాట్లవి ఆరు రియాక్టర్లు మీ దగ్గర పెట్టాలన్నది ప్రతిపాదన. నష్టపరిహారం, పునరావాసం గురించి నేను మాట్లాడను, ఆ మాట అడిగే హక్కు మీది, కలెక్టరాఫీసులో అడుగు. శిక్షణ సంగతి మాత్రం చెప్తాను. కొవ్వాడ కోసం కూర్చోకు. అణు విద్యుత్ కార్పొరేషన్ ఐటీఐ వాళ్లని స్టైపెండరీ ట్రైనీలుగా తీసుకుంటుంది. స్టైపెండ్ ఇస్తూ రెండేళ్ల వరకూ నేర్పుతారు. కైగా, కక్రపార్, రావత్‌భాటా, ఎక్కడ నోటిఫికేషన్ పడినా దరఖాస్తు పెట్టు. వయోపరిమితి ఉంటుంది, ఈ ఏడాది కాకపోతే మళ్లీ చూద్దాం అనకు. పరీక్షలో లెక్కలు, సైన్స్ పదో తరగతి పుస్తకాలు తిరగేస్తే చాలావరకు లాగొచ్చు.

ఇంజనీర్లకేనా అన్నావు. నేను చూసిన మంచి షిఫ్టుల్లో పంపు చప్పుడు తేడాగా ఉందని ముందు చెప్పింది ఎప్పుడూ ఫిట్టరే. పడవ ఇంజన్ చప్పుడు వింటూ పెరిగిన చెవులు నీవి. దరఖాస్తు నింపడం తెలియకపోతే ఆదివారం పదింటికి డే అండ్ నైట్ జంక్షన్‌కి రా, పత్రికవాళ్లకి కబురు చెప్పి రా. టీ నేనిప్పిస్తాను, టెన్త్ మార్కుల జాబితా జిరాక్స్ నువ్వు తెచ్చుకో.